ఫిరంగి పెళ్ళి

మంచు అంటే అలాంటిలాంటి మంచు కాదు. గుర్రం మీద కూర్చున్నవాడికి ఆ గుర్రం చెవులే కనిపించవు. ఎదురుగా వస్తున్నవాడు తనవాడో పగవాడో కత్తి మీద పడ్డాక గాని తెలియదు. మణిశైల రాజ్యానికీ లోహపురికీ నడుమ ముప్పై ఏళ్లుగా సాగుతూ, తాతలు మొదలెట్టి మనవలకు అప్పగించిన యుద్ధం ఆ రోజుతో అటో ఇటో తేలిపోవాలని రెండు సైన్యాలూ ఏనుగువీపు మిట్ట దగ్గర ఎదురెదురుగా నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడు దిగింది మంచు. దిగడమేమిటి నా మొహం! మిట్ట కొసన నల్లరాతి గుండు మీద కూర్చుని, లోహపురి మంత్రవాది ధూమమాలి తన రాగిబానలోంచి దాన్ని దోసిళ్లతో తోడి లోకం మీద పోస్తున్నాడు.

ఆ మంచులోనే జరిగింది యుద్ధం. అబ్బో, ఏం యుద్ధమది! లోహపురి పదాతులు బల్లేలు చాచి కోటగోడల్లా చదరాలు కట్టి నిలబడ్డారు. మణిశైలపు రౌతులు ఆ గోడల్ని కొట్టారు, విరిగి వెనక్కి పోయారు, మళ్లీ వచ్చి కొట్టారు. తుపాకుల మెరుపులు మంచులో నారింజపళ్లలా పండి రాలిపోయాయి. భేరీల మోత, బూరల కూత, గుర్రాల సకిలింపులు, అమ్మను తలుచుకుని వేసే కేకలు, అన్నీ కలిసి ఒకటే హోరు. గెలుస్తున్నదెవరో, ఓడుతున్నదెవరో పైనున్న దేవుడికి కూడా తెలిసి ఉండదు. ఆయనకు మాత్రం మంచు అడ్డం రాదా?

మధ్యాహ్నం దాటాక ఆ మంచులోంచి ఒక తెల్లగుర్రం ఒంటరిగా వచ్చింది. అది మణిశైల ప్రభువు హేమదత్త మహారాజు ఎక్కే వెన్నెల. జీను ఖాళీగా ఉంది. జీను మీద నెత్తురు ఉంది.

యువరాజు ఉదయార్కుడు పరుగున వెళ్లి దాని కళ్లెం పట్టుకున్నాడు. తండ్రి తర్వాత ఆ రాజ్యానికీ ఆ సైన్యానికీ తానే దిక్కన్న సంగతి అతడికి ఆ క్షణంలో తట్టనే లేదు. నాన్న ఏడీ? అదొక్కటే అతడి బుర్రలో తిరుగుతోంది. చుట్టూ సైనికులు ఆ ఖాళీ జీను వంకే చూస్తున్నారు. కూలికి వచ్చిన పరదేశి దళాలైతే అప్పుడే మూటలు సర్దుకుంటున్నాయి.

గుర్రం వెనకే ఒక రౌతు కుంటుకుంటూ వచ్చి యువరాజు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“ప్రభూ, మహారాజులుంగారు బతికే ఉన్నారు! మిట్ట మీద మన పెద్ద ఫిరంగి గర్జనమ్మను వాళ్లు పట్టేశారు. దాన్ని విడిపించబోయి ఆయన చిక్కిపోయారు. భుజానికి దెబ్బ తగిలింది గాని ప్రాణానికేం భయం లేదు. ఇప్పటికి భయం లేదు ప్రభూ...”

“ఇప్పటికంటే? సరిగ్గా చెప్పు!”

“పెళ్ళి కాగానే ఆయన్ను ఆ ఫిరంగి మూతికే కట్టి పేలుస్తారంట. పందిరి కూడా వేసేశారు. నా కళ్లతో చూసొచ్చాను.”

“పెళ్ళేమిటి? ఎవరికి పెళ్ళి?”

“గర్జనమ్మకే ప్రభూ!”

నవ్వకండి. లోహపురివాళ్లకు అది నవ్వులాట కాదు. వాళ్ల రాజు కఠోరవర్మ తాత ఒకప్పుడు పరాయి రాజు ఫిరంగిని పట్టుకుని అక్కడికక్కడే పేల్చబోతే, అది పగిలి ఆయనతో పాటు పక్కనున్న మంత్రుల్ని కూడా తీసుకుపోయింది. పెళ్ళి కాని పిల్లను చెరబట్టిన పాపం అది, తగిన శాస్తే అయింది, అన్నారు పురోహితులు. ఆనాటి నుంచి పట్టుకొచ్చిన ఫిరంగికి రాజుగారి కత్తితో పెళ్ళి చేయనిదే లోహపురిలో ఎవడూ దానికి నిప్పు చూపించడు. పందిరి, బాజాలు, పురోహితుడు, అన్నీ ఉండాల్సిందే. ఆ పెళ్ళి అయ్యేదాకా వాళ్ల తుపాకులన్నీ నోరు మూసుకుని ఉండాలి. పందిట్లో పెళ్ళికొడుకైన కత్తి తప్ప మరో కత్తి ఉండకూడదు. గర్జనమ్మ అంతటి ఫిరంగి దొరికితే, కఠోరవర్మ యుద్ధం సగంలో ఆపి మరీ పెళ్ళి పెట్టుకున్నాడు. పెళ్ళి కాగానే దాన్ని మణిశైల సేన మీదికే తిప్పుతాడు. తొలి గుండుకు మాత్రం హేమదత్తుడే ఎర.

“గుర్రాన్ని తీసుకురండి! నేను వెళుతున్నాను!” అని అరిచాడు ఉదయార్కుడు.

“ఎట్టా పోతావు చినబాబూ? ఆ మంచులో మిట్ట ఏ పక్కనుందో చెప్పు చూద్దాం!”

ఆ గొంతు పోలమ్మది. గర్జనమ్మకు మందు కూరి, గురి చూసి, నిప్పు పెట్టే గోలందాజుల నాయకురాలు. ముఖమంతా మసి, నోట్లో తాంబూలం, నెత్తిన తలగుడ్డ. మహారాజు ముందైనా గొంతు తగ్గించని మనిషి. ఉదయార్కుడు చిన్నప్పుడు ఆ ఫిరంగి మీదెక్కి గుర్రం ఆట ఆడుకుంటుంటే కొబ్బరి ముక్కలు పెట్టి లాలించింది ఈమే. అందుకే ఆమె అతడికి ఏనాటినుంచో అత్త.

“నువ్వు ఎట్టా తప్పించుకున్నావు అత్తా?”

“తప్పించుకోలే. సిగ్గు లేకుండా పారిపోయొచ్చినా. పిల్లను పగోళ్ల చేతుల్లో వదిలేసి వచ్చినా. ఇప్పుడు మళ్లీ పోతా. పిల్ల పెళ్ళికి తల్లి లేకపోతే ఎట్టా?” అంది పోలమ్మ, తాంబూలం పక్కకు ఉమ్మి. “వాళ్ల పెళ్ళికి ఆడపెళ్ళివాళ్లు కావాల. ఫిరంగి ఎటు పోతే గోలందాజు అటు పోవడం మా కులవృత్తిలో ఉండేదే. కూలి ఎవరు పెడితే ఏం? వాళ్లకేం అనుమానం రాదు. తల్లిని నేనున్నా. అన్న ఒకడు కావాల. వస్తావా?”

ఉదయార్కుడు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత మెడలోని ముత్యాల హారం తెంపి పారేసి, కవచం విప్పేసి, గుప్పెడు మసి తీసుకుని ముఖానికి పూసుకున్నాడు.

*

కొంతసేపటికి, పెళ్ళిబాజాల మోతను ఆనవాలుగా పట్టుకుని, మంచులోంచి ఇద్దరు మనుషులు ఏనుగువీపు మిట్ట ఎక్కారు. ముందు పోలమ్మ, చేతిలో పసుపు కుంకుమలూ తలంబ్రాలూ ఉన్న పళ్లెం. వెనక ఉదయార్కుడు, వీపున పెద్ద గోతం, చంకలో పసుపుగుడ్డ చుట్టి, కాటుకతో కళ్లూ ముక్కూ దిద్ది, బుగ్గన చుక్క పెట్టిన కొబ్బరిబోండాం. మన పెళ్ళిళ్లలో పెళ్ళికూతురి చేతికిచ్చే బోండామే. కాకపోతే ఇది ఇనుముది. దాని బరువుకు యువరాజు చెయ్యి ఊడిపోతోంది. ముఖం మీద మాత్రం చిరునవ్వు చెదరనివ్వడం లేదు.

“ఆగండి! ఎవరు మీరు?” రెండు బల్లేలు అడ్డం పడ్డాయి.

“ఎవరంటావేందిరా? పెళ్ళికూతురి తల్లిని! ఆడపెళ్ళివాళ్లకు కాళ్లు కడగడానికి చెంబెడు నీళ్లు లేవు గాని బల్లేలున్నాయా మీ ఊళ్లో? మీ రాజును పిలువు! ఇట్టాంటి మర్యాద తెలియని ఇంటికి నేను పిల్లనియ్యను, పో!”

కావలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకడు గోతంలో చెయ్యి పెట్టి చూశాడు. “ఇది మందు కదా! తుపాకిమందు!”

ఉదయార్కుడు గోతాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

“మరేమనుకున్నావు? నా కూతురికి వడిబియ్యం అది. నీ పెళ్ళాం బియ్యం తింటుంది, నా కూతురు మందు తింటుంది. పుట్టింటి నుంచి ఒడి నింపకుండా పంపుతారా ఎక్కడన్నా? ఏరా ఎర్రన్నా, ఏం చూస్తున్నావురా గుడ్లప్పగించి? నడు!” అంటూ పోలమ్మ యువరాజు నెత్తిన ఒక్కటిచ్చింది. యువరాజు నెత్తిన! జన్మలో ఎవరి చేతా దెబ్బ తినని ఉదయార్కుడు నెత్తి తడుముకుంటూ, “పోతున్నానే అమ్మా!” అన్నాడు. కావలివాళ్లు పగలబడి నవ్వి దారి విడిచారు.

మిట్ట మీద మాత్రం మంచు పలచగా ఉంది. పందిరి చూస్తే ఎవరికైనా కళ్లు చెదరాల్సిందే. ఇటు పీనుగులు, అటు పందిరి! పచ్చని కమ్మలు, అరటి బోదెలు, బల్లేలకు చుట్టిన బంతిపూల దండలు. నడుమ గర్జనమ్మ. ఇద్దరు మనుషులు చేతులు చాచినా చుట్టలేని కంచు మొండెం, ఆడసింహం తల పోతపోసిన మూతి, మనిషెత్తు చక్రాలు. వెనక చక్రాల దగ్గర నుంచి మిట్ట జారుడుబండలా కిందికి, మణిశైల సేన ఉన్న వాగుదాకా దిగిపోతుంది. చక్రాల వెనక అడ్డంగా రెండు రాళ్లు పెట్టి ఉన్నాయి. ఫిరంగి ముందు, పందిరికి ఆవలగా, పైన నల్లరాతి గుండు మీద ధూమమాలి. ఎముకల పోగులా ఉన్నాడు. చేతులు మాత్రం ఆగకుండా బానలోంచి మంచు తోడుతూనే ఉన్నాయి.

పందిరి గుంజకు కట్టేసి ఉన్నాడు హేమదత్త మహారాజు. భుజాన నెత్తురు గడ్డకట్టింది. తల మాత్రం వంచలేదు.

ఉదయార్కుడికి ఏడుపొచ్చింది. వెంటనే అక్కడికి ఉరికి ఆ కట్లు తెంపేయాలని చేతులు లాగాయి. పోలమ్మ మోచేత్తో అతడి డొక్కలో పొడిచింది. అతడు కళ్లు దించుకున్నాడు.

“తెర పట్టండమ్మా! పిల్లను పెళ్ళికూతుర్ని చెయ్యాల. మగపెళ్ళివాళ్లు చూడగూడదు!” అని పోలమ్మ కేకేసింది. ఎర్రని తెర వచ్చింది. భజంత్రీలు గట్టిమేళం అందుకున్నారు. ఆ డోళ్ల మోతలో, తెర చాటున, గోతం మందంతా గర్జనమ్మ నోట్లో పోసి కూరుగడతో దట్టించారు. ధణ్! ధణ్! అన్న ప్రతి పోటుకూ సరిగ్గా డోలు దెబ్బ తోడొచ్చింది. పోలమ్మ మూతిని నల్లరాతి గుండుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూసుకుంది. తర్వాత చక్రం వెనకున్న ఒక రాయి తీసి పక్కన పెట్టింది. రెండో రాయి దగ్గర, తెరకు అవతల, బల్లెం పట్టుకుని భటుడొకడు నిలబడి ఉన్నాడు, దాన్ని తాకడానికి వీల్లేకపోయింది.

“విను చినబాబూ,” అని గుసగుసలాడింది. “కొంగుముడి వేస్తారు. కత్తి ఆ రాజు మొల్లోనే ఉంటుంది, ముడి గర్జనమ్మ చీరకు. పేలిందంటే పిల్ల ఎగిరి వెనక్కి పోతుంది, పెళ్ళికొడుకును ఈడ్చుకుంటా పోతుంది. గుండు పోయి ఆ బానకు తగలాల. ఆ గందరగోళంలో నువ్వు మీ నాయన్ను విడిపించు. ముగ్గురం ఫిరంగి ఎక్కేస్తే తిన్నగా వాగులోనే దిగుతాం. సాంబ్రాణి పొగలో వత్తి అంటిస్తా. అది కాలేలోగా అంతా అయిపోవాల.”

తెర తీశారు. గర్జనమ్మ పసుపు చీర చుట్టుకుని, నోట్లో కొబ్బరిబోండాం పెట్టుకుని కూర్చుంది.

“ఇదేమిటి, బోండాం నోట్లో పెట్టారు?” అన్నాడు పురోహితుడు.

“చేతులు లేని పిల్ల సామీ, ఎక్కడ పట్టుకుంటుంది?” అంది పోలమ్మ కళ్లొత్తుకుంటూ. పురోహితుడికి అది సబబుగానే తోచింది. ఆమె ‘పిల్లకు దిష్టి తగులుతుంది’ అంటూ గడతో బోండాన్ని లోపలికి తోసేసింది కూడా.

అప్పుడు వచ్చాడు కఠోరవర్మ. భారీ మనిషి, మెలి తిప్పిన మీసాలు, బంగారు గొడుగు, కాళ్లకు పావుకోళ్లు. మొలలో పూలదండ వేసిన కత్తి. వాళ్ల ఆచారం ప్రకారం పెళ్ళికొడుకు అలిగి కాశీకి బయలుదేరాలి, పెళ్ళికూతురి అన్న కాళ్లు పట్టుకుని బతిమాలి వెనక్కి తేవాలి. కఠోరవర్మ కత్తి తరఫున నాలుగడుగులు వేసి, మీసాల చాటున నవ్వుకుంటూ ఆగాడు.

“ఊఁ. బావమరిది ఎవడు? రమ్మనండి. కాళ్లు పట్టుకోమనండి!”

ఉదయార్కుడు కదల్లేదు. తనవాళ్లను చంపినవాడు, ఊళ్లు తగలబెట్టినవాడు, నాన్నను గుంజకు కట్టినవాడు. వాడి కాళ్లు పట్టుకోవాలా? పందిరంతా చూస్తోంది. పైనుంచి ధూమమాలి కూడా తోడడం ఆపి, మెడ సాచి చూస్తున్నాడు.

తప్పదు. ఉదయార్కుడు మోకాళ్ల మీద పడి కఠోరవర్మ పాదాలు పట్టుకున్నాడు. “బావగారూ, కోపం మానండి. మా చెల్లెల్ని ఏలుకోండి. వెనక్కి దయచేయండి” అన్నాడు.

ఆ గొంతు వినగానే గుంజ దగ్గర హేమదత్తుడి తల గభాలున ఇటు తిరిగింది. మసి పూసుకున్న ఆ ముఖాన్ని, శత్రువు పాదాల మీదున్న ఆ చేతుల్ని చూశాడు. రాజుకు విషయం అర్థమైపోయింది. మరుక్షణమే ముఖం తిప్పుకుని, “థూ! నా ఉప్పు తిని శత్రువు కాళ్లు పట్టే కుక్కా!” అని ఉమ్మేశాడు. ఆ తిట్టు ఉదయార్కుడికి అమృతంలా వినబడింది. నాన్న తనను గుర్తుపట్టాడు!

కఠోరవర్మ పొట్ట పట్టుకుని నవ్వాడు. “బాగుందయ్యా, మామగారికి కోపమొచ్చింది! ఎంతైనా పిల్లనిచ్చే మామ కదా, దూరంగా నిలబెట్టడం మర్యాద కాదు. ఆయన్ను విప్పి పెళ్ళికూతురి పక్కనే కూర్చోబెట్టండి. పారిపోకుండా ఆ చక్రానికి గొలుసు వేయండి!”

ఉదయార్కుడు చటుక్కున పోలమ్మ వంక చూశాడు. పోలమ్మ కళ్లతోనే ఫిరంగి వీపు వైపు చూపించింది. సాంబ్రాణి పొగలోంచి, గర్జనమ్మ వీపున ఉన్న రంధ్రంలో, ఎర్రని నిప్పుకణం ఒకటి కనబడీ కనబడకుండా పాకుతోంది. వత్తి అంటించేసింది!

ఫిరంగి పేలి వెనక్కి దూకితే ఆ గొలుసు హేమదత్తుణ్ణి చక్రాల కిందికి లాగేస్తుంది. వత్తి ఆర్పితే ఇంకో అవకాశం రాదు. పెళ్ళి అయిపోతుంది, మూతికి కట్టేస్తారు. ఎటు చూసినా నాన్నకు చావే.

గొలుసు బిగించేశారు. కఠోరవర్మ వచ్చి పీట మీద కూర్చున్నాడు. పురోహితుడు గర్జనమ్మ పసుపు చీర చెంగు తీసి, కఠోరవర్మ మొలలోని కత్తి ఒరకు గట్టిగా ముడేశాడు. “మాంగళ్యం తంతునానేన...” అందుకున్నాడు. డోళ్లు మోగాయి. నిప్పుకణం సగం దూరం పాకింది.

హేమదత్తుడూ దాన్ని చూశాడు. కొడుకు వంక చూసి, కనీకనబడకుండా తలూపాడు. వత్తిని కాలనివ్వు, నా గురించి చూడకు, అని ఆ చూపుకు అర్థం.

“నేనొప్పుకోను నాన్నా!” అని పెద్దగా అరిచాడు ఉదయార్కుడు.

నాన్నా అన్న మాట అందరి చెవినా పడింది. కఠోరవర్మ నోరు తెరిచాడు. అతడు లేచేలోగా ఉదయార్కుడు పులిలా మీదికి దూకి, వాడి మొలలోని పెళ్ళికొడుకు కత్తిని సర్రున దూశాడు. ఒర మాత్రం ముడితో సహా వాడి మొలకే వేలాడుతోంది.

ఖణేల్! గొలుసు మీద ఒక దెబ్బ. నిప్పురవ్వలు లేచాయి గాని గొలుసు తెగలేదు.

“పట్టుకోండి! యువరాజు వాడు! పట్టుకోండి!” అని గావుకేక పెట్టాడు కఠోరవర్మ. భటులు మీదికి ఉరికారు. పోలమ్మ తలంబ్రాల పళ్లెం రెండు చేతులా ఎత్తి వాళ్ల ముఖాన కొట్టింది. అందులో బియ్యం కన్నా మిరప్పొడే ఎక్కువ! “అబ్బా! అమ్మో! కళ్లు, కళ్లు!” అంటూ వీరాధివీరులంతా కళ్లు నలుపుకుంటూ ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. పురోహితుడు పీట కింద దూరాడు. భజంత్రీలకు ఏమీ అర్థం కాక గట్టిమేళం ఇంకా గట్టిగా వాయించారు.

ఖణేల్! రెండో దెబ్బ. లంకె సాగింది.

“ఉదయా, వదిలెయ్యరా! నువ్వు పోరా!” అంటున్నాడు హేమదత్తుడు.

“మీరు నోరు మూసుకోండి నాన్నా!” అన్నాడు ఉదయార్కుడు. జన్మలో తండ్రితో అలా మాట్లాడిందే లేదు.

మూడో దెబ్బకు గొలుసు ఫట్మని తెగింది. తండ్రిని రెండు చేతులా ఎత్తి ఫిరంగి బండి మీద వేశాడు. పోలమ్మ అప్పటికే ఎక్కేసింది. “ఎక్కు చినబాబూ, వత్తి అయిపోయింది!” అని చెయ్యి చాచింది. ఉదయార్కుడు ఒక కాలు బండి మీద పెట్టాడు కూడా. అప్పుడు చూశాడు. చక్రం వెనక రెండో రాయి అలాగే ఉంది! అది ఉండగా ఫిరంగి ఎగిరితే బండి తలకిందులై నాన్న మీదే పడుతుంది.

కాలు వెనక్కి తీసుకున్నాడు. ఒంగి, బలమంతా పెట్టి ఆ రాయిని లాగి దూరంగా విసిరేశాడు.

గర్జనమ్మ పేలింది.

ఆ పేలుడుకు పందిరి కమ్మలు గాలిలోకి లేచాయి. అరటి బోదెలు విరిగాయి. కాటుక కళ్ల కొబ్బరిబోండాం మంచును చీల్చుకుంటూ పోయి నల్లరాతి గుండు మీదున్న రాగిబానను పెంకులు పెంకులు చేసింది. పెళ్ళికూతురు మాత్రం వెనక్కి ఒక్క దూకు దూకి, జారుడుబండ మీద చిన్నపిల్లలా మిట్ట మీద నుంచి కిందికి దొర్లిపోయింది. దాని చీర చెంగున, మొలకు ముడి పడి, మీసాలతో నేల ఊడుస్తూ పెళ్ళికొడుకు తరఫు కఠోరవర్మ మహారాజు! “ఆపండి! ముడి విప్పండి! ముడి విప్పండిరా!” అన్న ఆ కేక వాగుదాకా సాగింది.

మంచు ఎవరో దుప్పటి లాగేసినట్టు లేచిపోయింది. పొద్దుటి నుంచి ముఖం చూపని సూర్యుడు ఒక్కసారిగా మైదానమంతా పరుచుకున్నాడు. రెండు సైన్యాలూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నాయి. లోహపురివాళ్లకు కనబడింది, తమ రాజును ఒక పెళ్ళికూతురు ఈడ్చుకుపోవడం. మణిశైలవాళ్లకు కనబడింది, ఫిరంగి మీద కూర్చుని తమ మహారాజు తిరిగి రావడం. ఇక ఏముంది! “హేమదత్త మహారాజుకూ జై!” అన్న కేకతో వాగు దాటింది మణిశైల సేన. మూటలు సర్దుకున్న పరదేశి దళాలు మూటలు వదిలేసి మరీ పరుగెత్తాయి. చదరాలు కట్టిన బల్లేల గోడలు ఒకదాని తర్వాత ఒకటి విరిగిపోయాయి. ముప్పై ఏళ్ల యుద్ధం ఆ పూట అలా తేలిపోయింది.

విరిగిన పందిట్లో ఒంటరిగా నిలబడి ఉదయార్కుడు ఇదంతా చూశాడు. కింద నాన్నను సైనికులు భుజాల మీదికి ఎత్తుకున్నారు. వెన్నెలను తెచ్చారు. నాన్న గుర్రమెక్కాడు! ఉదయార్కుడికి సంతోషం ఆగక కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. చుట్టూ ఉన్న భటులు పారిపోతున్నారో మీదికి వస్తున్నారో కూడా అతడికి పట్టలేదు.

అందుకే పైనుంచి పడిన నీడను చూడలేదు.

బాన పగిలిందే గాని ధూమమాలి చావలేదు. వాడు రెండు చేతులూ చాచి ఒక్క అరుపు అరిచి, తాటాకంత రెక్కల రాబందుగా మారిపోయాడు. బుస్సున దిగి, ఉదయార్కుడి నడుమును గోళ్లతో కరుచుకుని గాలిలోకి లేచాడు. భూమి గిర్రున తిరుగుతూ కిందికి పోయింది. మిట్ట చెప్పుల జోడంత అయింది. వాగు జంధ్యప్పోగంత అయింది.

“మంచు పోయిందని మురిసిపోకు రాకుమారా!” అంది రాబందు, మనిషి గొంతుతో. “ముప్పై ఏళ్ల నా కష్టాన్ని ఒక్క గుండుతో కూల్చావు. నిన్ను ఊరికే చంపను. అదిగో మీ నాన్న. ఆయన నెత్తి మీదికే నిన్ను విసిరేస్తాను. ఇద్దరూ ఒక్క దెబ్బకే పోతారు. గెలిచిన రాజ్యాన్ని గుర్రాలేలుకుంటాయి!”

రాబందు రెక్కలు మడిచి, తెల్లగుర్రం మీద ఉన్న మనిషి మీదికి బాణంలా దిగడం మొదలుపెట్టింది.

గాలి ఈల వేస్తోంది. నాన్న కిరీటం లేని తల, భుజం మీది నెత్తురు, పైకెత్తిన ముఖం క్షణక్షణానికీ పెద్దవవుతున్నాయి. ఉదయార్కుడి చేతిలో పెళ్ళికొడుకు కత్తి ఇంకా ఉంది. రాబందును పొడిస్తే తాను పడిపోతాడు. పొడవకపోతే నాన్న పోతాడు. ఇందులో ఆలోచించడానికేముంది?

“నాన్నా, పక్కకు తప్పుకోండి!” అని అరుస్తూ, రెండు చేతులా కత్తి పట్టుకుని, పైకి, ఆ రెక్క మొదట్లోకి పిడిదాకా దించేశాడు.

రాబందు కెవ్వుమంది. వేడి నల్లనెత్తురు ముఖాన చిమ్మింది. గోళ్ల పట్టు వదిలింది. ధూమమాలి ఒక పక్కకు గిరికీలు కొడుతూ పోతుంటే, ఉదయార్కుడు ఆకాశంలోంచి రాయిలా పడిపోసాగాడు.

కింద హేమదత్త మహారాజు పక్కకు తప్పుకోలేదు. గుర్రం మీంచి కిందికి దూకి, దెబ్బ తగిలిన భుజాన్ని మరిచిపోయి, రెండు చేతులూ పైకి చాచి, కొడుకు ఎక్కడ పడతాడో అక్కడికి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.